పేరు గుర్తురాని బావమరిది: ‘మెయ్యళగన్’ కథ ఎక్కడ ముడిపడింది?

క్లుప్తంగా: తమిళంలో ‘మెయ్యళగన్’గా, తెలుగులో ‘సత్యం సుందరం’గా 2024లో వచ్చిన సినిమాలో విలన్ లేడు, కొట్లాట లేదు. కథంతా ఒక మనిషి పేరు గుర్తురాకపోవడం మీదే నడుస్తుంది. వరసలు పెట్టి పిలుచుకునే దక్షిణాది కుటుంబాల్లోనే ఇలాంటి కథ సాధ్యం. నిడివి మీద వచ్చిన ఫిర్యాదులకైనా, తెలుగు అనువాదంలో కొంత దక్కి కొంత జారిపోవడానికైనా కారణం ఆ అల్లికలోనే కనిపిస్తుంది. (కథ చివరి వరకూ ప్రస్తావన ఉంది. సినిమా చూడనివాళ్లు గమనించగలరు.)

పెళ్లిపందిట్లో ఎవరో వచ్చి భుజం మీద చెయ్యి వేస్తారు. ‘గుర్తుపట్టావా?’ అంటారు. లేదని చెప్పడానికి దొరికే సమయం రెండు మూడు సెకన్లే. ఆలోపు మొహమాటానికి ‘అయ్యో, గుర్తులేకపోవడమేంటి!’ అన్నామా, ఇక ఆ మాట వెనక్కి తీసుకోలేం. అవతలివాళ్లు పాత సంగతులు తవ్వుతూ ఉంటారు, మనం తల ఊపుతూ ఉంటాం. మామూలుగా ఈ అవస్థ పది నిమిషాల్లో తీరిపోతుంది. దర్శకుడు సి. ప్రేమ్‌కుమార్ దాన్ని ఒక సాయంత్రం మొదలుకొని తెల్లవారుజాము దాకా సాగదీశారు. ‘మెయ్యళగన్’ బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి.

## కథలో ఏముంది

1996లో తంజావూరులో ఒక కుటుంబం ఆస్తి గొడవల్లో తాతల నాటి ఇల్లు పోగొట్టుకుని చెన్నై వెళ్లిపోతుంది. ఆ ఇంటి కుర్రాడు అరుళ్‌మొళి. ఇరవై రెండేళ్ల తర్వాత, చెల్లెలి వరసైన భువన పెళ్లికి తప్పనిసరై బయల్దేరతాడు. పెళ్లి జరిగేది తంజావూరుకు తూర్పున, కావేరి డెల్టాలోని నీడామంగళంలో. రిసెప్షన్‌లో ముఖం చూపించి, రాత్రికే తిరుగు ప్రయాణం కట్టాలన్నది అతని లెక్క. అక్కడ ఒక బంధువు అతన్ని పట్టుకుంటాడు. ‘అత్తాన్, అత్తాన్’ అంటూ వెంటే తిరుగుతాడు, దగ్గరుండి తినిపిస్తాడు, బస్సు తప్పిపోతే ఇంటికి తీసుకెళ్లి పడక వేస్తాడు. అతనెవరో అరుళ్‌కు గుర్తు రాదు. ఆ మాట చెప్పలేక లోలోపల నలిగిపోయి, తెల్లారకముందే చెప్పాపెట్టకుండా వెళ్లిపోతాడు.

అరుళ్‌గా అరవింద్ స్వామి, ఆ బంధువుగా కార్తి, మామగా రాజ్‌కిరణ్ నటించారు. నిర్మాణం సూర్య, జ్యోతికల 2డి ఎంటర్‌టైన్‌మెంట్. గోవింద్ వసంత సంగీతంలో కమల్‌హాసన్ గొంతు కూడా వినిపిస్తుంది.

ఇదే సంస్థ, ఇదే కార్తితో 2018లో పాండిరాజ్ దర్శకత్వంలో ‘కడైకుట్టి సింగం’ తీసింది. తెలుగులో అది ‘చినబాబు’. అందులోనూ పల్లె ఉంది, చుట్టాలున్నారు, అలకలున్నాయి. కానీ ఆ కుటుంబాన్ని ఒక్కటిగా నిలబెట్టడానికి బయటినుంచి ఒక శత్రువు కావాల్సి వచ్చింది. తమిళంలోనైనా తెలుగులోనైనా ఉమ్మడి కుటుంబ కథకు అలవాటైన దారి అదే: లోపల మనస్పర్థలు, బయట ప్రతినాయకుడు, చివర్లో అందరూ ఒకే ఫొటోలో. ‘మెయ్యళగన్’లో శత్రువు లేడు. అరుళ్ ఇల్లు పోవడానికి కారణమైనవాళ్లను సైతం తెర మీదికి లాక్కొచ్చి శిక్షించదు. అలాంటప్పుడు ప్రేక్షకుణ్ణి మూడు గంటలు కూర్చోబెట్టే బిగువు ఎక్కడినుంచి వచ్చింది? పేరు దగ్గర నుంచి.

## వరస ఉంటే పేరుతో పనిలేదు

‘అత్తాన్’ అనే పిలుపును విడదీసి చూస్తే ఈ కథ యంత్రం అర్థమవుతుంది. తమిళంలో మేనత్త కొడుకు, మేనమామ కొడుకు, అక్క భర్త, ఈ ముగ్గురూ తనకంటే పెద్దవాళ్లయితే అత్తాన్. తెలుగులో అచ్చంగా అదే చోట ‘బావ’ ఉంది. బాబాయి, పెదనాన్నల పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అత్త, మామల పిల్లలు బావలు, వదినలు, మరదళ్లు. రెండు భాషల్లోనూ గీత ఒకేచోట పడుతుంది. ఇంగ్లిష్‌లో వీళ్లందర్నీ కలిపి ‘కజిన్’ అనేస్తే సరిపోతుంది. కానీ ‘ఏంటి కజిన్’ అని ఎవరూ పిలవరు, పేరు పెట్టే పిలుస్తారు. కాబట్టి ఆ భాషలో ఇద్దరు రాత్రంతా మాట్లాడుకుంటే పేరు ఏదో ఒక క్షణంలో బయటపడక తప్పదు.

మన దగ్గర అలా కాదు. వరస కలిపితే చాలు, పేరు లేకుండా ఏళ్లు గడిచిపోతాయి. పెద్దవాణ్ణి పేరుతో పిలవడం అమర్యాద, చిన్నవాణ్ణి ‘ఏరా’ అన్నా, ‘అల్లుడూ’ అన్నా సరిపోతుంది. ఊళ్లో సగం మందికి ముద్దుపేర్లే అసలు పేర్లు. ఎవరో ఒకరు అతన్ని పేరుతో పిలిస్తే బాగుండునని ఎదురుచూసే అరుళ్‌కు పెళ్లి సందడిలో వినిపించేవి వరసలే.

దీన్ని తెలుగు ప్రేక్షకులు వేరే కోణంలో ఇదివరకే చూశారు. 2013 సంక్రాంతికి వచ్చిన ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’లో అన్నదమ్ములకు పేర్లే లేవు, పెద్దోడు, చిన్నోడు అంతే. అక్కడ పేరు లేకపోవడం ఆ ఇంటి చనువుకు గుర్తు. ఇక్కడ అదే చనువు ఉచ్చులా బిగుసుకుంటుంది. ఎదుటివాడు ఎంత ఆప్యాయంగా పిలిస్తే, ‘నీ పేరేంటి’ అని అడగడం అంత అసాధ్యమవుతుంది.

ప్రేమ్‌కుమార్ ఈ ఉచ్చును మెట్లు మెట్లుగా బిగిస్తారు. కల్యాణ మండపంలో అతను ఎవరో ఒక చుట్టం, అడిగినా తప్పులేదు. భోజనాల దగ్గర పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించాక అడగడం ఇబ్బంది. బస్సు తప్పాక అతని ఇంట్లో, అతని భార్య నందిని ఎదుట అడగడం అవమానం. ఇక కడుపులో ఉన్న బిడ్డకు అరుళ్‌మొళి పేరే పెట్టుకుంటామని ఆ దంపతులు చెప్పాక నోరు తెరిచే దారే లేదు. తన పేరును వాళ్ల బిడ్డకు ఇస్తున్నారు, తనకు మాత్రం ఆ తండ్రి పేరైనా తెలియదు. చప్పుడు లేకుండా గుండెను నొక్కిపట్టే ఘట్టం ఇది. ఇంత పెద్ద మలుపును ఒక్క పెద్ద డైలాగు లేకుండా, ఇంట్లో మాటల మధ్య ఒక మాటగా రానివ్వడం అరుదైన పనితనం.

ప్రేక్షకుణ్ణి కూడా అరుళ్ పక్కనే నిలబెట్టడం ఇక్కడ కీలకం. కార్తి పాత్ర ఎవరో ముందే చూపించి ఉంటే ఇది అరుళ్‌ను చూసి నవ్వుకునే హాస్యకథ అయ్యేది. మనకూ తెలియదు కాబట్టి అతని సిగ్గు మనదవుతుంది.

## జవాబు టైటిల్‌లోనే ఉంది

‘మెయ్యళగన్’ అన్నది ఆ బంధువు పేరే. పోస్టర్ మీదే రాసి ఉంది. అంటే, అరుళ్‌కు తెలియనిది టిక్కెట్ కొన్న ప్రతి ఒక్కరి చేతిలో ఉంది, అదే ఆ పేరని తెలియక అందరూ కూర్చుంటారు. కాస్త ఆలోచించినవాళ్లు మధ్యలోనే పట్టేస్తారు. పట్టేసినా నష్టం లేదు. ‘పేరేంటి?’ అన్న ప్రశ్న మీద ఈ కథ ఆధారపడలేదు, ‘ఇతను ఎప్పుడు ఒప్పుకుంటాడు?’ అన్నదాని మీద ఆధారపడింది.

తమిళంలో ‘మెయ్’ అంటే సత్యం, ఒళ్లు అనే అర్థమూ ఉంది. ‘అళగన్’ అంటే అందగాడు. తెలుగు టైటిల్ పెట్టినవాళ్లు ఈ ఒక్క పేరును రెండుగా చీల్చి, ఒక ముక్క బావకు, ఒక ముక్క బావమరిది వరసవాడికి పంచారు. అరవింద్ స్వామి సత్యం, కార్తి సుందరం. తెలివైన పరిష్కారమే. ఇద్దరూ కలిస్తేనే ఆ మాట పూర్తవుతుందన్న అర్థం అదనంగా దక్కింది. కాకపోతే దానికి మూల్యం ఉంది. టైటిల్‌లో రెండు పేర్లు కనిపించి, మొదటివాడు సత్యమని తెలిసిన వెంటనే రెండోవాడు సుందరమని తేలిపోతుంది. తమిళంలో చివరి దాకా సగం దాగిన పేరు తెలుగులో మొదట్లోనే దొరికిపోతుంది.

ఇంకొకటి కూడా పోయింది. అరుళ్‌మొళి వర్మన్ అన్నది తంజావూరు పెద్ద గుడి కట్టించిన రాజరాజ చోళుడి అసలు పేరు. తంజావూరులో పుట్టి, తంజావూరు పోగొట్టుకున్న కుర్రాడికి ఆ పేరు పెట్టడంలో ఎంత బాధ ఉందో తమిళులకు విడమర్చి చెప్పక్కర్లేదు. ‘సత్యం’లో ఆ ఊరు లేదు. రెండేళ్ల ముందు వచ్చిన ‘పొన్నియిన్ సెల్వన్’లో కార్తి వేసింది అరుళ్‌మొళికి అండగా నిలిచే వందియదేవుడి వేషమే. కాకతాళీయమే అయినా ఆ జ్ఞాపకం ఉన్నవాళ్లకు ఇక్కడి స్నేహం మరింత తియ్యగా తోస్తుంది.

## పట్టీలు, పాత సైకిలు

మాటలతో నిండిన సినిమాగా దీనికి పేరొచ్చింది గానీ, మనసులో నిలిచిపోయేవి రెండు వస్తువులు.

మొదటిది పెళ్లి వేదిక మీద. బహుమతి చేతికిచ్చి ఫొటో దిగి కిందికి రావడం రిసెప్షన్లలో అందరూ చేసేదే. వెనక వరుస కడతారు, ఫొటోగ్రాఫర్ తొందరపెడతాడు. ఇక్కడ ఆ వరుస ఆగిపోతుంది. అన్న తెచ్చినవి భువన అక్కడికక్కడే తెరుస్తుంది, అక్కడే పెట్టుకుంటుంది. చెల్లెలి కాళ్లకు పట్టీలు అరుళే వంగి పెడతాడు. ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పెట్టే నగల్లో ధర తక్కువది, చప్పుడు ఎక్కువది పట్టీలే. ఇంట్లో పిల్ల తిరుగుతోందని తెలిపే చప్పుడు అది. ఇన్నేళ్లు ఎందుకు రాలేదని ఆమె నిలదీయదు, అతను సంజాయిషీ ఇవ్వడు. ఇద్దరి కళ్లూ నిండుతాయి. సన్నివేశం మాటల్లోకి దిగకపోవడమే దీన్ని కాపాడింది. అరుళ్ ఊరి మీద పెంచుకున్న కోపం మొదటిసారి సడలేది ఇక్కడే. ఇది లేకుండా నేరుగా కార్తి సందడిలోకి వెళ్లి ఉంటే ఆ తర్వాతి రాత్రి నమ్మశక్యంగా ఉండేది కాదు.

రెండోది సైకిలు. 1996లో ఇల్లు ఖాళీ చేస్తూ అరుళ్ వదిలేసిన సైకిలు కార్తి కుటుంబానికి చేరింది. తాము నిలదొక్కుకోవడానికి అదే ఆసరా అయిందని అతను చెబుతాడు, దాన్ని దేవుడి పటంలా చూసుకుంటాడు. అరుళ్ లెక్కలో అది పోయిన వస్తువుల జాబితాలో ఒకటి. ఇచ్చినట్టు ఇచ్చినవాడికే తెలియదు. ఇరవై రెండేళ్లుగా తాను కోల్పోయినవే లెక్కపెట్టుకున్న మనిషికి, తన నష్టంలోంచే ఇంకో ఇల్లు నిలబడిందని తెలియడం తట్టుకోలేని విషయం. పారిపోయేది పేరు తెలియక మాత్రమే కాదు, అంత కృతజ్ఞతకు తాను తగనన్న భావనతో కూడా.

## ఇల్లు ఎందుకు పోతుంది

ఇల్లు పోయిన తీరును సినిమా కోర్టు కాగితాల్లోకి దిగి చూపించదు. కానీ ఆ నేపథ్యం తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటింటి వ్యవహారమే కాబట్టి దాని తీరు చెప్పుకోవాలి. పొలమైతే గట్టు వేసి పంచవచ్చు. ఇంటిని అలా కోయలేరు. వాటాదారుల్లో ఏ ఒక్కరైనా పంపకం కోరుతూ దావా వేయవచ్చు. విడగొట్టడం వీలుకాని ఆస్తి అయితే, సగం లేదా అంతకు మించి వాటా ఉన్నవాళ్లు కోరినప్పుడు కోర్టు అమ్మకానికి ఆదేశించవచ్చని 1893 నాటి పార్టిషన్ చట్టం రెండో సెక్షన్ చెబుతుంది. ఆ ఇంట్లోనే ఉంటున్నవాళ్లు మిగతా వాటాలు కొనుక్కోగలిగితే ఇల్లు నిలుస్తుంది. అంత డబ్బు చేతిలో లేకపోతే సామాను సర్దుకోవాలి.

అందుకే ఇలాంటి గొడవల్లో ఎక్కువగా దెబ్బతినేది ఇంటిని నమ్ముకుని ఉన్నవాళ్లే. దూరంగా ఉన్నవాళ్లకు అది డబ్బు, లోపల ఉన్నవాళ్లకు అది బతుకు. పైగా కొన్నది బయటివాళ్లయితే ఊరి మీద బెంగ మిగులుతుంది, అయినవాళ్ల వల్లే పోతే ఊరికి వెళ్లాలనే అనిపించదు. అరుళ్ రెండో రకం.

## కత్తెర పడిన 18 నిమిషాలు

తమిళంలో విడుదలైనప్పుడు నిడివి 177 నిమిషాలు. కొద్ది రోజులకే సుమారు 18 నిమిషాలు తగ్గించారు. బాగుందన్నవాళ్లే రెండో సగం సాగిందని కూడా అన్నారు. చీకట్లో ఇద్దరూ బీరు తాగుతూ మాట్లాడుకునే భాగంలో సంభాషణ కుటుంబం దాటి చోళుల చరిత్ర, జల్లికట్టు, తూత్తుకుడిలో స్టెరిలైట్ నిరసనకారులపై పోలీసు కాల్పులు, ఈళం (శ్రీలంక) తమిళుల దాకా పోతుంది. కథాకాలం 2018. ఆ ఏడాది తమిళనాట ఏ ఇద్దరు కూర్చున్నా ఈ మాటలు రావడం సహజమే. అయితే నిజ జీవితంలో సహజమైనదంతా తెర మీద నిలవదు. అప్పటిదాకా ప్రతి మాటా ‘ఇతనెవరు?’ అన్న ముడిని కాస్త బిగించింది. చరిత్ర మొదలయ్యాక ముడి పక్కకు వెళ్లి, కార్తి పాత్ర రచయిత గొంతుతో మాట్లాడుతుంది. సాగినట్టు అనిపించడానికి కారణం నిమిషాల సంఖ్య కాదు, ఆ దారం వదులైపోవడం.

అలాగని ఆ మాటలు ఊరికే తెచ్చిపెట్టినవీ కావు. కరికాల చోళుడు చేర, పాండ్యులను ఓడించాడని ప్రాచీన తమిళ సంగం సాహిత్యం చెప్పే వెణ్ణి యుద్ధభూమి నేటి కోవిల్‌వెణ్ణి. అది నీడామంగళం దగ్గరే. పక్క పొలంలో జరిగిన సంగతి చెప్పినట్టు ఒక రైతు రెండు వేల ఏళ్ల నాటి యుద్ధం గురించి చెప్పడం డెల్టా మనిషి తీరు.

థియేటర్ల లెక్క ఇంకోలా ఉంటుంది. 177 నిమిషాల సినిమాకు ఇంటర్వెల్ 15, హాలు ఊడ్చి మళ్లీ జనాన్ని కూర్చోబెట్టడానికి ఇంకో 15 నిమిషాలు వేసుకున్నా ఆటకు 207 నిమిషాలు. నాలుగు ఆటలకు దాదాపు 14 గంటలు. 18 నిమిషాలు తీసేస్తే అదే పన్నెండున్నర గంటల చిల్లర. రోజుకు గంటకు పైగా మిగిలింది, సెకండ్ షో నుంచి ఇంటికి వెళ్లేవాళ్ల భయమూ తగ్గింది. తెలుగులో పరిస్థితి మరింత ఇరుకు. ముందురోజే, సెప్టెంబరు 27న ‘దేవర’ వచ్చింది. ఆ హోరులో మర్నాడు ఇంత నెమ్మది సినిమా దిగడం సాహసమే. అక్టోబరు 25 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక నిడివి సమస్య దానంతటదే సడలింది. ఇంట్లో ఆపుకుంటూ చూడొచ్చు.

రాత్రంతా ఇద్దరి మాటలతో సినిమా నడపడం ప్రేమ్‌కుమార్‌కు కొత్త కాదు. ఛాయాగ్రాహకుడిగా పనిచేసి వచ్చిన ఆయన మొదటి సినిమా ‘96’ అలాంటిదే. దాన్ని తెలుగులో ‘జాను’గా 2020లో ఆయనే తీశారు. పోలిస్తే ఒక తేడా ఉంది. ‘96’లో ఇద్దరూ ఒకరినొకరు మరచిపోలేదు, కలవడమే కుదరదు. ఇక్కడ ఒకరికి అన్నీ గుర్తు, రెండోవారికి ఏదీ గుర్తు లేదు. ప్రేమకథ కంటే ఇది రాయడం కష్టం, తూకం మొదటినుంచీ ఒకవైపే వాలి ఉంటుంది కాబట్టి.

## ఊరి పేరు మారినప్పుడు

తెలుగు అనువాదంలో ‘అత్తాన్’ ‘బావ’ అయింది. ఇంతకంటే సరైన మార్పు ఉండదు. వరసల చట్రం రెండు భాషల్లో ఒకటే కావడంతో కథ ప్రాణం అలాగే దాటి వచ్చింది. తెలుగు ప్రేక్షకులు దీన్ని పరాయి సినిమాగా చూడకపోవడానికి మొదటి కారణం ఇదే.

ఊళ్ల విషయంలో అంత కుదరలేదు. పెళ్లి జరిగే ఊరిని ఉద్దండరాయునిపాలెం చేశారు. నది పక్కన పచ్చటి ఊరు కావాలనుకుంటే కృష్ణ ఒడ్డు బాగానే అమరుతుంది. కానీ తెలుగువాళ్లకు ఆ పేరు వినగానే గుర్తొచ్చేది అమరావతి. 2015 అక్టోబరు 22న రాజధాని శంకుస్థాపన జరిగింది అక్కడే. చుట్టుపక్కల పొలాలు భూసమీకరణలోకి వెళ్లాయి. కథాకాలానికి ఆ ప్రాంతంలో ఇద్దరు బంధువులు రాత్రంతా మాట్లాడుకుంటే ఆ పొలాల ఊసు రాకుండా ఉండదు. తెర మీద మాత్రం కనిపిస్తున్నది కావేరి డెల్టా. పేరు వినకుండా చూస్తే మనసు సినిమాలో ఉంటుంది, పేరు వినిపించినప్పుడల్లా బయటికి వస్తుంది.

అసలు పేర్లే ఉంచితే తెలుగువాళ్లకు అంత దూరమయ్యేది కూడా కాదు. తంజావూరును తెలుగు నాయక రాజులు ఏలారు, త్యాగరాజు తిరువయ్యారు దాని పక్కనే ఉంది. కరికాలుడైతే మరీ దగ్గర. తొలి తెలుగు శాసనాలు వేయించిన రేనాటి చోళులు తమది కరికాలుడి వంశమనే చెప్పుకున్నారు.

## మరీ మంచివాడైతే

విమర్శకు నిలవని చోటు ఒకటి: కార్తి పాత్రలో మంచితనం తప్ప మరొకటి లేదు. ఒక్క చిన్న స్వార్థం, ఒక్క చిరాకు ఉన్నా అతను ఇంకా నిజమయ్యేవాడు. అరుళ్ పడే అపరాధ భావాన్ని పెంచడానికి అతన్ని అంత స్వచ్ఛంగా రాయడం అవసరమనుకున్నట్టుంది. కార్తి ఆ పాత్రలో నింపిన అల్లరి, ఆపకుండా మాట్లాడే తీరు ఆ లోటును చాలావరకు కప్పాయి. నందినిగా శ్రీదివ్యకు, అరుళ్ భార్యగా దేవదర్శినికి దక్కినవి కొన్ని సన్నివేశాలే. బంధుత్వాల్ని నిజంగా గుర్తుపెట్టుకుని మోసేది ఇళ్లలో ఆడవాళ్లు. ఎవరి పేరేంటో, ఎవరు ఎవరికి ఏమవుతారో వాళ్లనడిగితే తెలుస్తుంది. ఆ సంగతి ఈ కథకు తట్టకపోవడం వెలితే.

ఏ భాషలో చూడాలన్న ప్రశ్నకు, తమిళం కొద్దిగా వచ్చినా మూలాన్నే సబ్‌టైటిల్స్‌తో చూడటం మేలు, ఊరూ పేరూ ఒకదానికొకటి అతుకుతాయి. పెద్దవాళ్లతో కలిసి చూసేటప్పుడు తెలుగే సుఖం, ఆ ‘బావా’ అన్న పిలుపు కోసమైనా. రెండింటిలోనూ చివరి ఫోన్ సంభాషణ దగ్గర మాత్రం గొంతుల మీద దృష్టి పెట్టాలి. నీ పేరు గుర్తులేదని అరుళ్ ఎట్టకేలకు ఒప్పుకుంటాడు. ఇంతసేపూ అతను భయపడింది ఏ మాటకో ఆ మాట అవతల రాదు. కార్తి నవ్వుతాడు.